ఎత్తిన కాలు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో పులి ఉంది. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. కథ సగానికి వచ్చాక, పులి ఎక్కణ్ణుంచి ఊడిపడిందని నన్ను అడగొద్దు. అది మొదట్నుంచీ అక్కడే ఉంది. అందరూ మరిచిపోయారు, అంతే.

ఆ అడవిలో మద్దిచెట్ల కింద ఒక దుప్పుల మంద ఉండేది. ఒళ్లంతా తెల్లచుక్కలుండే దుప్పులు. వాటికి పైన, కొమ్మల్లో, కొండముచ్చులు ఉండేవి. రెండు జాతులకూ తాతలనాటి పొత్తు. కొండముచ్చులు పైనుంచి దూరం చూస్తాయి. దుప్పులు కిందినుంచి వాసన పసిగడతాయి. ఎవరికి ముందు తెలిస్తే వాళ్లు అరుస్తారు. పైగా కొండముచ్చులు చిగుళ్లు సగం తిని సగం పారేస్తాయి కదా, ఆ పారేసినవి దుప్పులకు విందు. ఇరుగుపొరుగు అంటే అలా ఉండాలి.

దుప్పులకు ఇంకో ఆచారం ఉంది. ఇది బాగా గుర్తుపెట్టుకోండి.

మందలో ఎవరికి అనుమానం వచ్చినా సరే, ముందుకాలు ఎత్తి నేలమీద దబ్బున కొట్టాలి. ముసలిదైనా, మొన్న పుట్టిన పిల్లయినా. ఆ చప్పుడు వినగానే మంద మొత్తం పరుగో పరుగు. "ఏం చూశావు? నిజంగానే చూశావా?" అని ఎవరూ అడగరు. అడిగే తీరిక ఎక్కడిది? దూరంగా వెళ్లి, ఆగి, వెనక్కి చూస్తారు. పులి కాకపోతే, ఏ ఎండుటాకో, ఏ అడవికోడో అయితే, వచ్చి మళ్లీ మేత మేస్తారు.

అప్పుడు కాలు కొట్టిన పిల్ల దగ్గరికి తల్లి వెళ్లి నుదురు నాకుతుంది. తిట్టదు. నవ్వదు. నాకుతుంది. పొరపాటున కాలు కొట్టిన పిల్లకే ఆ ముద్దు. "ఊరికే పరిగెత్తిన దుప్పే ముసలిదై చస్తుంది" అని వాళ్లలో ఒక సామెత.

ఆ మందలో గరికమ్మ అని ఒక తల్లిదుప్పి. దాని కూతురు రేగు. రేగుపండంత ముక్కు, ఎప్పుడూ తడిగా, ఎప్పుడూ అదురుతూ ఉండేది. ఆ పిల్లకు కాలు నిలకడగా ఉండేది కాదు. ఒకరోజు పొద్దున టేకాకు రాలింది. దబ్! మందంతా పరుగు. గరికమ్మ వచ్చి కూతురి నుదురు నాకింది. కాసేపటికి ముళ్లపంది ఒకటి పొదలోంచి తొంగిచూసింది. దబ్! మళ్లీ పరుగు. మళ్లీ నాకింది. మధ్యాహ్నం రేగు తన నీడను తానే చూసి జడిసింది. దబ్! ఈసారి మందలో ముసలివాళ్లు ఆయాసపడ్డారు.

"నా నాలుక అరిగిపోతోందే తల్లీ" అంది గరికమ్మ. అన్నా కూడా నాకింది.

చెట్టుమీదినుంచి ముసలి కొండముచ్చు పకపకా నవ్వింది. దాన్ని అందరూ కొండవ్వ అనేవారు.

"విసుక్కోకే గరికమ్మా! మీ అందరి ముక్కులూ పడుకున్నాక కూడా దీని ముక్కు మేలుకునే ఉంటుంది. ఇలాంటి పిల్ల మందకు ఒక్కటుంటే చాలు. జాగ్రత్తగా పెంచుకో" అంది.

గరికమ్మకు లోపల ఎంత సంతోషమో! పైకి మాత్రం, "ఏం జాగ్రత్తో, కాళ్లు పీకుతున్నాయి అవ్వా" అంది.

ఇలా ఉండగా ఒక వేసవిలో అడవి అంచుకు లారీ ఒకటి వచ్చింది. మనుషులు దాని వెనక తలుపు తీశారు. లోపల్నుంచి ఒక పెద్ద పోతుదుప్పి హుందాగా దిగింది. ఒళ్లు నిగనిగ. కొమ్ములు ఎంత పెద్దవంటే, అడవిలో అంతటి కొమ్ములు ఎవరూ చూడలేదు. పేరు కిరీటి. పట్నంలో జింకల పార్కు ఉందట. అక్కడే పుట్టాడు, అక్కడే పెరిగాడు. పార్కులో జింకలు ఎక్కువైపోయాయని మనుషులు తెచ్చి అడవిలో వదిలారు. ఈ చివరి మాట మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు.

మంద చుట్టూ చేరింది. అంతలో ఎండుపుల్ల ఒకటి చిటుక్కుమంది. రేగు కాలు కొట్టింది. అందరూ పరిగెత్తారు. కిరీటి ఒక్కడే కదలకుండా నిలబడ్డాడు. అందరూ సిగ్గుపడుతూ తిరిగొచ్చారు.

"ఎందుకు పరిగెత్తారు?" అని అడిగాడు.

"పులేమో అని" అంది గరికమ్మ.

"పులా? మీలో ఎంతమంది పులిని చూశారు?"

నిజం చెప్పాలంటే, పులిని దగ్గర్నుంచి చూసిన దుప్పి ఏదీ వచ్చి కథ చెప్పదు.

"నేను రోజూ చూశాను" అన్నాడు కిరీటి. "మా పార్కులో పులి మా ఎదురుగానే ఉండేది. మధ్యలో ఒక కందకం. పులి పొద్దస్తమానం పడుకునేది. మేం ఒక్కరోజు పరిగెత్తలేదు. అందుకే నా ఒళ్లు ఇలా ఉంది, నా కొమ్ములు ఇలా ఉన్నాయి. మీరేమో ఆకు రాలితే పరుగు, పుల్ల విరిగితే పరుగు. తిన్నది ఒంటికి ఎలా పడుతుంది?"

తల్లులందరూ తమ బక్క పిల్లల్ని చూసుకున్నారు. తర్వాత ఆ కొమ్ముల్ని చూశారు. పులిని రోజూ చూసినవాడు చెప్తే కాదనేదెవరు? కందకం అంటే ఏమిటని మాత్రం ఒక్కరూ అడగలేదు.

అలా కిరీటి మాష్టారి బడి మొదలైంది.

చెట్లు లేని మైదానం ఒకటి చూశారు. చుట్టూ తుమ్మకంప కట్టారు. పిల్లలు బయటికి పోకుండా, అమ్మలు లోపలికి రాకుండా. ఒక మూల మాత్రం చిన్న సందు వదిలారు. రావడానికి, పోవడానికి అదొక్కటే దారి. పిల్లలు అక్కడే తినాలి, అక్కడే పడుకోవాలి. నెలకోసారి తల్లులు వచ్చి చూసిపోవచ్చు.

పొద్దున్నే పాఠం అప్పజెప్పాలి. "పులి ఒక జంతువు. పులికి చారలుండును. పులి మాంసాహారి." పిల్లలంతా గొంతులు కలిపి చదివేవారు. వినడానికి ఎంతో ముచ్చటగా ఉండేది. తప్పులేకుండా అప్పజెప్తే మార్కులు.

సాయంత్రం పొద పరీక్ష. మాష్టారి శిష్యుడైన నెమలి ఒక పొదచాటున చప్పుడు చేస్తుంది. పిల్ల పొద ముందు నిలబడాలి. పులి అనుకుంటే కాలు కొట్టాలి. పులి కాకపోతే, కాలు కొట్టినందుకు పాఠంలో వచ్చిన మార్కులు కూడా పోతాయి. పొదలో ఉన్నది ఎప్పుడూ నెమలే. పులిని ఎక్కణ్ణుంచి తెస్తారు?

"తొందరపడకండి" అనేవాడు మాష్టారు. "ఖాయంగా తెలిస్తేనే కాలు ఎత్తండి. తెలియకపోతే వదిలేయండి. వదిలేస్తే మార్కు పోదు. ఏదీ అనండి?"

"వదిలేస్తే మార్కు పోదు!" అని పిల్లలంతా అరిచేవారు.

మార్కులనుబట్టి చోటు. ఫస్టు వచ్చిన పిల్ల మైదానం నడుమ, లేతగడ్డి ఉన్నచోట మేయాలి. తర్వాతివాళ్లు దాని చుట్టూ. అందరికంటే వెనకబడిన పిల్ల సందు పక్కన, కంప గుచ్చుకునే చోట. ప్రతి నెలా నెమలి మోడుచెట్టెక్కి, ఫస్టు వచ్చిన పిల్ల పేరు అడవంతా వినిపించేలా అరిచేది.

నెల నెలా ఒకటే పేరు. "బలుసు! బలుసు! బలుసు!"

బలుసు తంగేడమ్మ కొడుకు. మెతక పిల్లాడు. చెప్పింది చెప్పినట్టు వినేవాడు. పాఠం గడగడా చదివేవాడు. పొద దగ్గర బొమ్మలా నిలబడేవాడు.

"మా వాడు ఇప్పటిదాకా ఒక్క తప్పు చేయలేదు వదినా" అని తంగేడమ్మ గరికమ్మతో అనేది. "అసలు కాలే ఎత్తడు! ఇంతకీ మీ రేగు ఎక్కడ మేస్తోంది?"

తెలిసే అడిగేది. రేగు సందు పక్కన మేస్తోంది. పాఠంలో బోలెడు మార్కులు తెచ్చుకునేది. పొద దగ్గరికి వచ్చేసరికి దబ్, దబ్, దబ్. వచ్చినవన్నీ పోయేవి. పిల్లలు నవ్వేవారు. నెమలి పురి విప్పి మరీ నవ్వేది. నుదురు నాకడానికి అక్కడ అమ్మ లేదు.

మరుసటి ఏడు వానలు మొదలయ్యేసరికి ఏడాది పరీక్ష దగ్గరపడింది. కిరీటి మాష్టారు తల్లిదండ్రుల్ని పిలిపించాడు.

"ఆ కొండముచ్చుల గోలతో పిల్లలకు చదువు సాగట్లేదు. పరీక్ష అయ్యేదాకా వాళ్లను వాగు అవతలికి పొమ్మని చెప్పండి" అన్నాడు.

ఎంత మాట! తాతలనాటి పొత్తు. కానీ పిల్లల చదువు అన్నాక, ఎవరి నోటా కాదన్నమాట రాలేదు. ఆ కబురు చెప్పే పని గరికమ్మమీద పడింది. కొండవ్వకు దగ్గరిది అదే కదా.

"మేం పోతే మీకు పైనుంచి చూసేదెవరే?" అంది కొండవ్వ.

"పరీక్ష అయ్యేదాకే అవ్వా."

"పరీక్ష ఎప్పుడో పులికి చెప్పారా మరి?"

కొండవ్వ పిల్లాజెల్లాతో కొమ్మలు దాటుకుంటూ బయల్దేరింది. పోతూ పోతూ ఆగింది.

"ఇంకొక్క మాట. నీ కూతురి కాలికి పగ్గం వేయకు. మిగతావి ఏమైనా చేసుకో."

మర్నాడు తల్లులు చూసిపోయే రోజు. రేగు చిక్కిపోయింది. కంప గీరిన చోటల్లా ఒంటిమీద గీతలు. తల్లిని చూడగానే వచ్చి మెడకింద తల దూర్చింది.

"ఇంటికి పోదామమ్మా" అంది.

గరికమ్మ ఆ గీతల వైపు చూసింది.

"నేను కావాలని కొట్టట్లేదమ్మా" అంది రేగు. "వాసన తగిలితే కాలు దానంతటదే లేస్తోంది. ఎలా ఆపుకోవాలి? నువ్వన్నా చెప్పు."

పిల్లలూ, ఈ కథంతా ఇక్కడే ఉంది. గరికమ్మ ఆ మాటకు "పద ఇంటికి" అని ఉండొచ్చు. సందు పక్కనే ఉంది. రెండు అడుగులు వేస్తే అడవి. కానీ అప్పుడే నడిమైదానంలో తంగేడమ్మ, కొడుకు లేతగడ్డి తింటుంటే చూసి మురిసిపోతోంది. చుట్టూ నలుగురు తల్లులు చేరి బలుసును పొగుడుతున్నారు. గరికమ్మ కళ్లు అటు పోయాయి. కొండవ్వ మాట గుర్తొచ్చింది. గుర్తొచ్చినా పక్కన పెట్టింది.

"ఈ ఒక్క పరీక్ష ఓర్చుకో తల్లీ. ఉపాయం చెప్తాను" అంది. "కాలు లేవబోతోందని తెలియగానే, రెండో కాలు తీసి దానిమీద వేసి తొక్కి పట్టుకో. అంతే. కాలు లేవదు."

అని అక్కడే నేర్పింది. తనే ఎండుటాకుల్ని గిట్టతో కదిపింది. రేగు కాలు లేచింది. "ఊహూ" అంది గరికమ్మ. మళ్లీ కదిపింది. కాలు సగం లేచి ఆగింది. "ఊఁ, ఇంకా" అంది. మూడోసారి కదిపింది. రేగు ఒళ్లంతా వణికింది. కాలుమీద కాలు వేసి, పళ్లు బిగబట్టి, కదలకుండా నిలబడింది.

గరికమ్మ వంగి కూతురి నుదురు నాకింది.

అడవి పుట్టిన దగ్గర్నుంచీ ఏ తల్లీ అందుకు నాకలేదు. రేగు మాత్రం ఎన్నాళ్లకో దొరికిన ఆ ముద్దుకు కళ్లు మూసుకుంది.

పరీక్ష రోజు వచ్చింది. మబ్బు పట్టింది. తల్లిదండ్రులందరూ కంప బయట బారులు తీరి నిలబడ్డారు. చప్పుడు చేస్తే పిల్లలకు ఇబ్బందని ఊపిరి కూడా మెల్లగా పీల్చుకుంటున్నారు. చెట్లమీద కొండముచ్చులు లేవు. అడవి అంత నిశ్శబ్దంగా ఎన్నడూ లేదు.

పాఠాలు అయిపోయాయి. పొద పరీక్ష మొదలైంది. ఒక్కొక్కరే వచ్చి, కదలకుండా నిలబడి, వెళ్లి తమ చోట నిలబడ్డారు. చివరికి రేగు వంతు వచ్చింది. పొద ముందుకు వచ్చి నిలబడింది. దాని వెనకే సందు.

అప్పుడు గాలి తిరిగింది.

రేగు ముక్కు అదిరింది. ఆకు వాసన కాదు, నెమలి వాసన కాదు. ఇంతకుముందెప్పుడూ తగలని వాసన. అయినా దాని ఒళ్లంతటికీ తెలిసిన వాసన. ముందుకాలు నేలమీదినుంచి లేచింది.

రేగు తల తిప్పి అమ్మ వైపు చూసింది.

ఆ వాసన గరికమ్మకూ తగిలింది. తగలకుండా ఎలా ఉంటుంది? అది అడవిలో పుట్టిన దుప్పి. దాని కాలు కూడా లేవబోయింది. "ఇప్పుడు నేను కాలు కొడితే? అది పులి కాకపోతే? నా చేతులారా నా పిల్ల పరీక్ష చెడగొట్టినదాన్ని అవుతాను" అనుకుంది. పక్కకు చూసింది. తంగేడమ్మ కదల్లేదు. ఎవరూ కదల్లేదు. ఇంతమందికి తగలని వాసన నాకొక్కదానికే తగిలిందా అనుకుంది. కూతురి వైపు చూసి, వద్దన్నట్టు మెల్లగా తల అడ్డంగా ఊపింది.

మరి కిరీటి మాష్టారో? ఆయనకూ వాసన తగిలింది. ఆయనకు ఆ వాసన చిన్నప్పటినుంచీ అలవాటే. రోజూ కందకం అవతలినుంచి వచ్చే వాసన, తవుడు తొట్టి పక్కన నిలబడి పీల్చిన వాసన. ఆయనకు పార్కు గుర్తొచ్చింది. అమ్మ గుర్తొచ్చింది. హాయిగా కళ్లు మూతలుపడ్డాయి.

రేగు కాలు దించింది. రెండో కాలు తీసి దానిమీద వేసి, గట్టిగా తొక్కి పట్టుకుంది.

సందులోంచి పులి వచ్చింది.

పరిగెత్తాలంటే ముందు కాలుమీది కాలు తీయాలి కదా. రేగుకు ఆ వ్యవధి లేకపోయింది.

ఆ తర్వాత మైదానంలో ఏం జరిగిందో మొత్తం చెప్పను. పిల్లలు అటూ ఇటూ పరిగెత్తి కంపలో పడ్డారు. ముళ్లలో ఇరుక్కుని అమ్మా అమ్మా అని ఏడ్చారు. తల్లులు బయటినుంచి కంపను గుద్దుకుని మొహాలు చీరుకున్నారు. కిరీటి మాష్టారు నడిమధ్యలో అలాగే నిలబడిపోయాడు. "కందకం ఏదీ?" అన్నాడు. "మధ్యలో కందకం ఉండాలి కదా? కందకం ఏదీ?" అని కనిపించినవాళ్లనల్లా అడిగాడు.

పులికి కావలసింది ఒక్కటే. దాన్ని నోట కరుచుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

రేగు ఆ ప్రశ్న వదిలేసింది. మార్కు పోలేదు.

మీరు నమ్మరు కానీ, ఆ బడి మూతపడలేదు. కంపలో గీరుకున్న పిల్లల ఒళ్లు ఆరాక తల్లిదండ్రులు సమావేశమయ్యారు. కిరీటి మాష్టారు మంచివాడే. నిజంగానే ఏడ్చాడు. కానీ ఆయనకు తెలిసిన మందు ఒక్కటే.

"వచ్చే ఏడాది పాఠంలో ఇంకో వాక్యం కలుపుతాను" అన్నాడు. "పులికి ఒక విధమైన వాసన కలదు. పిల్లలందరూ దీన్ని బాగా బట్టీ పట్టాలి."

కొందరు తల ఊపారు. ఏదో ఒకటి చేస్తున్నారు కదా అనుకున్నారు. నెమలి గరికమ్మ దగ్గరికి వచ్చింది. ఓదార్చడానికే వచ్చింది పాపం.

"మీ అమ్మాయి చివరి పరీక్షలో ఒక్క తప్పు కూడా లేదండీ" అంది.

గరికమ్మ వెళ్లి కంప పక్కన నిలబడింది. ముందుకాలు ఎత్తింది. నేలమీద కొట్టింది. దబ్!

అందరూ ఉలిక్కిపడి పరిగెత్తారు. పులి లేదు. తిరిగొచ్చారు. గరికమ్మ మళ్లీ కొట్టింది. కొందరే పరిగెత్తారు. మూడోసారి కొట్టింది. ఎవరూ కదల్లేదు.

"పిల్ల పోయిన దుఃఖంలో మతి చెడింది పాపం" అనుకున్నారు.

మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. లోపల పిల్లలు పాఠం చదువుతుంటే, బయట గరికమ్మ కాలు కొట్టేది. చివరికి తంగేడమ్మ కోపంగా వచ్చింది.

"ఎందుకు వదినా ఇలా పిల్లల్ని హడలగొడతావు? ఆరోజు పులి వస్తుందని ఎవరికి తెలుసు? ఎవరికైనా తెలిసుంటే ఊరుకుంటారా?"

"నాకు తెలుసు" అంది గరికమ్మ. "నాకు వాసన తగిలింది. నా పిల్ల నన్ను అడిగింది. వద్దన్నాను."

కంప లోపల, నడిమైదానంలో పాఠం ఆగింది. బలుసు మేత వదిలి కంప దగ్గరికి వచ్చాడు.

"అమ్మా" అన్నాడు. "నాకూ తగిలింది."

"ఏమిటిరా?"

"వాసన. నాకూ తగిలింది. ఖాయంగా తెలియలేదు. వదిలేశాను."

వాడి వెనక ఇంకో పిల్ల, "నాకూ తగిలింది" అంది. ఆ వెనక ఇంకో పిల్ల, "నాకూ" అంది. ఒక్కొక్కరుగా మైదానంలో పిల్లలందరూ అన్నారు. ఆ తర్వాత కంప బయట ఒక తల్లి, నేలచూపులు చూస్తూ, "నాకూ" అంది. తంగేడమ్మకూ తగిలింది మరి. కొడుకు ఫస్టు పోతుందని ఊరుకుంది.

అందరికీ తెలుసు. కాలు కొట్టినవాళ్లు ఒక్కరూ లేరు.

ఆరోజు పోతుదుప్పులు కొమ్ములతో కంప పీకేశాయి. కిరీటి మాష్టారు అడ్డు చెప్పలేదు. ఆయన్ను ఎవరూ తరమలేదు కూడా. పులి లేని చోట నేర్చుకున్నది తెచ్చి పులి ఉన్నచోట నేర్పాడు. ఆయన తప్పు అంతే. ఆ కొమ్ముల్ని చూసి పిల్లల్ని తీసుకెళ్లి అప్పగించినవాళ్ల తప్పు అంతకంటే పెద్దది. ఆయన మందలోనే ఉండిపోయాడు. మిగతావాళ్లు పరిగెత్తినప్పుడు ఎందుకని అడగకుండా వెనకే పరిగెత్తడం, ఆ వయసులో, కష్టంమీద నేర్చుకున్నాడు.

గరికమ్మ వాగు దాటి వెళ్లింది. చెట్టుకింద నిలబడి పైకి చూసింది. కొండవ్వకు కబురు అప్పటికే చేరింది.

"మళ్లీ రండి అవ్వా" అంది గరికమ్మ.

"వస్తాం" అంది కొండవ్వ. "కానీ మేం పైనుంచి ఎంత అరిచినా, కింద ఎత్తే కాలు ఉండాలి కదే. ముందు పిల్లల కాళ్లు లేవనీ."

అది అంత తేలిక కాలేదు. పిల్లలు అడవిలోకి వచ్చారే కానీ, ఆకు రాలితే బిగుసుకుపోయేవారు. కాలు లేవబోయేది. చుట్టూ చూసేవారు. దించేవారు. దించమని ఎవరూ చెప్పకపోయినా దించేవారు. వానలు వెళ్లిపోయాయి. చలి వచ్చింది. ఒక్క కాలు లేవలేదు. మంద పెద్దల్లో గుబులు పట్టుకుంది.

ఒకరోజు పొద్దున టేకాకు ఒకటి గలగలమంటూ రాలింది. బలుసు ముందుకాలు లేచింది. వాడు అమ్మ వైపు చూశాడు. తంగేడమ్మ తల ఊపలేదు, కన్ను కదపలేదు.

దబ్!

మందంతా పరుగో పరుగు. దూరంగా వెళ్లి, ఆగి, వెనక్కి చూశారు. ఏమీ లేదు. ఎండుటాకు. అందరూ తిరిగొచ్చారు. బలుసు తల వాల్చేసుకుని వణుకుతూ నిలబడ్డాడు. వాడి బతుకులో అది మొదటి తప్పు.

తంగేడమ్మ పరిగెత్తుకొచ్చి వాడి నుదురు నాకింది. తర్వాత పక్కకు జరిగి, గరికమ్మకు దారి ఇచ్చింది.

గరికమ్మ వచ్చి వంగింది. ఆ చిన్న నుదుటిమీద నాలుక ఆనించింది. ఒకసారి నాకింది. రెండోసారి నాకింది. ఇంక ఆపలేకపోయింది. వాడు కదలకుండా నిలబడ్డాడు. పై కొమ్మల్లో ఏదో కదిలిన చప్పుడైంది. ఒక మద్ది చిగురు, సగం తిన్నది, వాళ్ల పక్కన పడింది.

నీతి: తప్పుకు భయపడటం నేర్పిన చదువు, ఆపద వచ్చిన రోజున పిల్లల నోరు నొక్కేస్తుంది. తప్పు చెప్పిన పిల్లను దగ్గరికి తీసుకున్నదే బడి.